చేపకు పేను పడితే చెట్టు మందు పనిచేస్తుందా?

పేలు మన తలలకే కాదు, చేపలకీ పడతాయి. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ, అప్పు చేసి, చెరువు కౌలుకి తీసుకుని, చేప పిల్లల్ని వదిలిన రైతుకి ఇది తమాషా కాదు. ఆ చేపని కొని తినే మనకీ కాదు. బరంపురం బజారులో చిలికా చేప ఒక పక్క, "ఆంధ్రా చేప" ఇంకో పక్క అమ్మడం మనం చూస్తూనే ఉంటాం. ఆంధ్రా చేప అంటే ముఖ్యంగా కొల్లేరు చుట్టూ, కృష్ణా గోదావరి డెల్టాల్లో తవ్విన చెరువుల్లో పెరిగి, ఐసు మధ్య సర్దుకుని లారీలో వచ్చిన చేప. అందులో మనకి బాగా తెలిసినవి మూడు. శీలావతి లేదా రాగండి, అంటే రోహు. దీన్నే ఒడియాలో రోహి అంటారు. బొచ్చె, అంటే కట్లా, ఒడియాలో భాకుర. మోసు, అంటే మృగాల్, ఒడియాలో మిరికాళి. ఈ మూడింటిలో పేను బెడద రోహుకి ఎక్కువ.

ఆ పేనుని వదిలించడానికి రైతు వేసే మందు చెరువు నీళ్ళలో కలుస్తుంది. కొంత చేపలోకి పోతుంది. అందుకే "రసాయనాలు ఎందుకు, వేపాకు ఉంది కదా, వెల్లుల్లి ఉంది కదా, పిప్పళ్ళు ఉన్నాయి కదా" అన్న మాట చాలా ఏళ్ళుగా వినిపిస్తోంది. దీని మీద మన దేశంలోనూ బయటా పరిశోధనలు జరిగాయి. ఆ మాటలో నిజమెంత, ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు అన్నది చూద్దాం.

ఈ పేను ఎవరు?

చేప పేను శాస్త్రీయ నామం ఆర్గులస్. మన దేశంలో చెరువు చేపలకి ఎక్కువగా పట్టే జాతి ఆర్గులస్ సయామెన్సిస్. పేరుకి పేనే గానీ, తలలో పేనుకీ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. తల పేను కీటకం. చేప పేను రొయ్యలకీ పీతలకీ చుట్టం. బల్లపరుపుగా, గుండ్రంగా, కొంచెం పచ్చగా, చిన్న పొలుసు ముక్కలా ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్ల సైజు కాబట్టి కళ్ళతోనే చూడొచ్చు. కడుపు వైపు రెండు గుండ్రని అతుకుడు గిన్నెలుంటాయి. వాటితో చేప ఒంటిని పట్టుకుని, సూదిలాంటి ముల్లుతో పొడిచి రక్తం పీలుస్తుంది. ఒక చేప మీద నుంచి ఇంకో చేప మీదకి ఈదుకుంటూ పోగలదు.

పేను పట్టిన చేప ఊరికే ఉండదు. గట్టుకీ, కర్రలకీ ఒళ్ళు రుద్దుకుంటుంది, నీళ్ళలోంచి పైకి ఎగురుతుంది, మేత తగ్గిస్తుంది. పొడిచిన చోట పుండు పడుతుంది. ఆ పుండులోకి ఏరోమోనాస్ లాంటి బాక్టీరియా దిగుతుంది. చాలాసార్లు చేపని చంపేది పేను కాదు, పేను తెరిచిన తలుపులోంచి వచ్చిన ఆ రెండో జబ్బు. చావకపోయినా ఒంటి మీద ఎర్ర మచ్చలున్న చేపకి బజారులో ధర రాదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి గుడ్లది. తల పేను ఈపుల్ని మన వెంట్రుకకే అంటిస్తుంది. చేప పేను అలా కాదు. ఆడ పేను చేపని వదిలి వచ్చి, నీళ్ళలో ఉన్న రాయికో, కర్రకో, చెక్కకో వందల గుడ్లు వరుసగా అంటించి పోతుంది. మన వేడి నీళ్ళలో అవి సుమారు రెండు మూడు వారాల్లో పొదుగుతాయి. అంటే చేప ఒంటి మీద ఉన్న పేలన్నిటినీ ఈ రోజు చంపినా, కర్రల మీద ఉన్న గుడ్లు మిగిలే ఉంటాయి. రెండు మూడు వారాలకి కథ మళ్ళీ మొదలు.

పేను ఒక్కటే కాదు

చెరువుల్లో, తొట్టెల్లో చేపలకి పట్టే పరాన్నజీవులు ఇంకా ఉన్నాయి. మందు ఎక్కడ తగలాలో తెలియాలంటే వీటి బతుకు తీరు కూడా తెలియాలి.

తెల్ల మచ్చల జబ్బు తెచ్చేది ఒక ఏకకణ జీవి. దాన్ని ముద్దుగా "ఇక్" అంటారు. ఇది చేప చర్మం కింద దూరి కూర్చుంటుంది కాబట్టి పైన నీళ్ళలో వేసే మందు దానికి తేలిగ్గా తగలదు. బాగా ఎదిగాక చేపని వదిలి అడుగుకి పోయి, ఒక్కటి వందలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఈదుకుంటూ కొత్త చేపని వెతుక్కుంటాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. మందు బాగా తగిలేది ఈ ఈదే దశలోనే. అందుకే ఒక్కసారి మందు వేసి ఊరుకుంటే చాలదు, మళ్ళీ మళ్ళీ వేయాలి.

మొప్పల్లో కొక్కేలు గుచ్చుకుని వేలాడే సన్నటి పురుగులు ఇంకో రకం. డాక్టిలోగైరస్, గైరోడాక్టిలస్ అని పేర్లు. మొదటిది గుడ్లు పెడుతుంది. రెండోది పిల్లల్నే కంటుంది. తల్లి కడుపులో పిల్ల, ఆ పిల్ల కడుపులో మనవరాలు అప్పటికే తయారై ఉంటుంది. ఎంత తొందరగా పెరుగుతాయో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

లంగరు పురుగు, అంటే లెర్నియా, మరో రకం. దీని తల చేప కండలో లంగరులా దిగబడిపోయి, తోక మాత్రం దారప్పోగులా బయటికి వేలాడుతుంది.

రైతు ఇప్పుడు ఏం వేస్తున్నాడు?

చేప పేనుకి ఎక్కువగా వాడేవి పొలాల్లో కొట్టే పురుగుల మందులే. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి. ఒకప్పుడు డైక్లోర్వాస్ కూడా విరివిగా వాడేవారు. మన దేశంలో దాని వాడకాన్ని 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. తెల్ల మచ్చలకి బాగా పనిచేసే మలకైట్ గ్రీన్ అనే రంగు మందుని, మనిషి ఆరోగ్యానికి ముప్పని, తినే చేపల్లో వాడకూడదని చాలా దేశాలు నిషేధించాయి.

పురుగుల మందుతో చిక్కు ఏమిటంటే, పేను రొయ్యకి చుట్టమని చెప్పుకున్నాం కదా. దాన్ని చంపే మందు దాని చుట్టాలన్నిటినీ చంపుతుంది. చెరువు నీళ్ళలో కంటికి కనిపించీ కనిపించని చిన్న చిన్న జీవులు ఉంటాయి. జంతు ప్లవకాలంటారు. వాటిలో చాలావరకు ఈ జాతివే. బొచ్చె పైనీళ్ళలో తిరుగుతూ తినేది వాటినే. అంటే రోహు పేను కోసం వేసిన మందు బొచ్చె అన్నం తీసేస్తుంది. పక్క చెరువులో రొయ్యలుంటే, ఈ నీళ్ళు అటు పోతే ఇక చెప్పక్కర్లేదు. పైగా ఒకే మందు పదే పదే వేస్తే బతికి మిగిలిన పేలు దానికి అలవాటు పడతాయి. రైతు మోతాదు పెంచుతాడు. అవి ఇంకా అలవాటు పడతాయి.

చేపలో మందు ఉందన్న అనుమానం ఒక్కటి చాలు, బజారు మూతపడడానికి. 2018లో ఆంధ్ర నుంచి వచ్చే చేపల్లో ఫార్మలిన్ ఉందన్న వార్తతో అస్సాం ప్రభుత్వం పది రోజుల పాటు దిగుమతి ఆపేసింది. అది పేను మందు గొడవ కాదు, చేప నిలవ ఉండడానికి ఏదో కలుపుతున్నారన్న అనుమానం. అయినా దెబ్బ తగిలింది చెరువు మీద బతికేవాళ్ళందరికీ. కాబట్టి చెట్టు మందుల మీద ఆశ ఊరికే పుట్టింది కాదు.

ఏయే చెట్లని పరీక్షించారు?

వేప గురించి ముందు. వేప గింజలో అజాడిరక్టిన్ అనే పదార్థం ఉంటుంది. ఇది పురుగుని ఒక్క దెబ్బకి చంపేది కాదు. పురుగు పెరగాలంటే పాత తోలు విడిచి కొత్త తోలు తొడుక్కోవాలి. ఆ పనిని అజాడిరక్టిన్ చెడగొడుతుంది. పేను కూడా తోలు విడిచే జీవే. ముంబయిలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ పరిశోధకులు పేను పట్టిన గోల్డ్‌ఫిష్ మీద అజాడిరక్టిన్‌ని పరీక్షించి 2013లో ప్రచురించారు. పేను సంగతే కాదు, ఆ మందు వల్ల చేప రక్తంలో ఏమి మార్పు వస్తోందో కూడా కొలిచారు. వేపతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, అజాడిరక్టిన్ ఎండ తగిలితే తొందరగా విరిగిపోతుంది. నీళ్ళలో విషం నిలవ ఉండదు కాబట్టి అది మంచిదే. కానీ పనిచేసే గడువు కూడా తక్కువే.

రెండోది పిప్పళ్ళు. పిప్పళ్ళకీ మిరియాలకీ ఆ ఘాటు ఇచ్చేది పైపరిన్. అదే సంస్థ వాళ్ళు 2012లో పిప్పళ్ళ పైపరిన్‌ని ఆర్గులస్ మీద పరీక్షించారు. మోతాదు పెరిగే కొద్దీ పేలు ఎక్కువగా చావడం చూశారు. పిప్పలి మనకి కొత్తది కాదు. విశాఖ మన్యంలో గిరిజనులు దీన్ని సాగు చేస్తారు. దాని వేరునే మోడి అని ఆయుర్వేదం దుకాణాల్లో అమ్ముతారు. అయితే పైపరిన్ నీళ్ళలో సరిగా కరగదు. ప్రయోగశాలలో దాన్ని వేరే ద్రావకంలో కరిగించి వాడతారు. ఇంట్లో పిప్పళ్ళు దంచి చెరువులో చల్లితే పొడి అడుక్కి పోతుంది, అంతే.

మూడోది వెల్లుల్లి. వెల్లుల్లి పాయలో అల్లిసిన్ ముందే ఉండదు. దంచినప్పుడు లోపలి రెండు పదార్థాలు కలిసి అప్పుడు పుడుతుంది. అందుకే దంచాకే ఆ వాసన. ఉడకబెడితే అది పుట్టడానికి కావలసిన ఎంజైమే పాడైపోతుంది. తెల్ల మచ్చల జీవి ఈదే దశ మీదా, గైరోడాక్టిలస్ మీదా వెల్లుల్లి సారం పనిచేస్తుందని ప్రయోగాల్లో తేలింది. మన భువనేశ్వర్ పక్కన కౌసల్యాగంగలో కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ ఉంది. సిఫా అంటారు. అక్కడి పరిశోధకులు రోహు పిల్లలకి మేతలో వెల్లుల్లి కలిపి పెట్టి చూశారు. ఏరోమోనాస్ బాక్టీరియాని తట్టుకునే శక్తి పెరిగిందని 2007లో ప్రచురించారు. పేను చేసిన పుండులోకి దిగే బాక్టీరియా అదే కదా. అంటే వెల్లుల్లి పేనుని చంపకపోయినా, ఆ తర్వాత వచ్చే జబ్బుని ఓర్చుకునే బలం ఇవ్వొచ్చు.

నాలుగోది బొప్పాయి గింజలూ, దూలగొండి ఆకులూ. 2004లో నైజీరియా, జర్మనీ పరిశోధకులు వీటి సారాలతో గోల్డ్‌ఫిష్‌కి పట్టిన తెల్ల మచ్చల జబ్బుని పరీక్షించారు. లీటరు నీళ్ళకి 200 మిల్లీగ్రాముల సారం కలిపిన నీళ్ళలో చేపల్ని ఉంచితే పరాన్నజీవులు 90 శాతం తగ్గాయి. మంచి ఫలితమే. ఈ 200 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

"మందు" అన్న మాట

తెలుగు శాఖ గోడపత్రికలో చేపల సంగతేమిటని ఎవరైనా అడిగితే, ఈ ఒక్క మాట కోసమైనా రాయొచ్చు. తలనొప్పికి వేసుకునేదీ మందే. పొలంలో కొట్టేదీ పురుగుల మందే. తుపాకీలో కూరేదీ మందే. బాగు చేసేదానికీ చంపేదానికీ మన భాష ఒకటే మాట వాడింది. చేపల చెరువు దగ్గర ఈ మాట అక్షరాలా నిజం. ఎందుకంటే ఒకే నీళ్ళలో పేనూ ఉంది, చేపా ఉంది. పేనుకి వేసే విషాన్ని చేప కూడా మొప్పలతో పీలుస్తుంది.

"చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదు" అన్న నమ్మకం ఇక్కడే తప్పుతుంది. సీతాఫలం గింజల పొడి తల పేలకి పెట్టడం మన ఇళ్ళల్లో పాత అలవాటు. పేలు చస్తాయి. కానీ ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. పెద్దవాళ్ళు కళ్ళకి గుడ్డ కట్టి మరీ పెట్టేది అందుకే.

చేపల్లోనే ఉదాహరణ కావాలంటే ఇప్ప చెక్క ఉంది. ఒడియాలో మహుల అంటామే, ఆ ఇప్ప గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండి. కొత్తగా చేప పిల్లల్ని వదిలే ముందు చెరువులో ఉన్న కొరమీనులాంటి వేట చేపల్నీ, పనికిరాని చిల్లర చేపల్నీ తీసెయ్యడానికి హెక్టారుకి 2500 కిలోలు, అంటే ఎకరానికి సుమారు వెయ్యి కిలోలు చల్లుతారు. అందులోని సాపొనిన్ మొప్పల గుండా పోయి చేప రక్తకణాల్ని పగలగొడుతుంది. చేపలు తేలిపోతాయి. మూడు వారాలయ్యాక విషం పోయి అదే పిండి ఎరువవుతుంది. అప్పుడు చేప పిల్లల్ని వదులుతారు. అచ్చంగా చెట్టు మందే. చేపల్ని చంపే మందు.

ఇటు చూస్తే, రైతు భయపడుతూ వేసే సైపర్‌మెత్రిన్ కూడా ఒకరకంగా చెట్టు మందు మనవడే. చామంతి జాతి పువ్వు ఒకదానిలో పైరిత్రిన్ అనే పురుగుల్ని చంపే పదార్థం ఉంది. దాని నమూనా చూసి ప్రయోగశాలలో తయారు చేసినవే ఈ పైరిత్రాయిడ్ మందులు. కాబట్టి చెట్టు ఒక పక్క, రసాయనం ఒక పక్క అని గీత గీసి మంచీ చెడూ తేల్చడం కుదరదు.

మరి దేన్ని చూడాలి? రెండు మోతాదుల మధ్య దూరాన్ని చూడాలి. పేనుని చంపే మోతాదు ఒకటి, చేపని చంపే మోతాదు ఒకటి. పరిశోధకులు సాధారణంగా 96 గంటల్లో సగం చేపలు చచ్చే మోతాదు ఎంతో కొలుస్తారు. ఒక మందు లీటరుకి 10 మిల్లీగ్రాములకి పేనుని చంపి, 60 దగ్గర చేపని చంపుతుందనుకుందాం. మధ్యలో ఆరు రెట్ల ఖాళీ ఉంది. చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. అదే 10కి పేనూ 15కి చేపా చస్తే, ఆ మందుని చెరువులో వేయడం కత్తి మీద సామే. చెరువు లోతు అంచనాలో చిన్న తప్పు చాలు, చేపలన్నీ తేలతాయి.

చెట్టు మందులకి ఇంకో చిక్కు కూడా ఉంది. సీసాలో అమ్మే రసాయనంలో ఎంత మందుందో చీటీ మీద రాసి ఉంటుంది. వేప గింజలో ఎంత అజాడిరక్టిన్ ఉందో ఎవరు రాస్తారు? ఆ చెట్టుకీ ఈ చెట్టుకీ తేడా. ఈ ఏటి గింజకీ నిలవ గింజకీ తేడా. నీళ్ళలో నానబెడితే ఒకటి దిగుతుంది, సారాయిలాంటి ద్రావకంలో వేస్తే వేరొకటి దిగుతుంది. "గుప్పెడు ఆకులు" అన్నది కొలత కాదు.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు ఆ 200 అంకె దగ్గరికి వద్దాం. ఇంట్లో అద్దాల తొట్టె ఉందనుకోండి, 100 లీటర్ల నీళ్ళు. లీటరుకి 200 మిల్లీగ్రాముల చొప్పున బొప్పాయి గింజల సారం ఎంత కావాలి? 20 గ్రాములు. చేతిలో పట్టేంత.

అదే ఎకరం చెరువు తీసుకుందాం. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు. నీళ్ళు మీటరున్నర లోతు ఉన్నాయంటే సుమారు 6070 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి వెయ్యి లీటర్లు. అంటే 60 లక్షల లీటర్ల పైన. దానికి లీటరుకి 200 మిల్లీగ్రాముల చొప్పున కావలసిన సారం 1214 కిలోలు. గింజలు కాదు, గింజల నుంచి తీసిన సారం. పది కిలోల గింజకి ఒక కిలో సారం వస్తుందనుకున్నా, ఒక్క ఎకరానికి 12 టన్నుల బొప్పాయి గింజలు కావాలి. డెల్టాలో పది, ఇరవై ఎకరాల చెరువులు మామూలే.

పోనీ, ఎలాగో తెచ్చి వేశామే అనుకుందాం. అంత ఆకూ గింజా పదార్థం నీళ్ళలో పడితే కుళ్ళుతుంది. కుళ్ళడానికి నీళ్ళలోని ప్రాణవాయువు ఖర్చవుతుంది. చెరువులో అది అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. పేను చావడం మాట అలా ఉంచి, తెల్లారేసరికి చేపలు నోళ్ళు పైకి పెట్టి తేలుతాయి.

తొట్టెలో గెలిచిన మందు చెరువులో ఎందుకు ఓడిపోతుందో ఈ లెక్క చెబుతుంది. పరిశోధన అబద్ధం కాదు. రైతు చేతకానివాడూ కాదు. రెండింటి మధ్య 60 లక్షల లీటర్ల నీళ్ళున్నాయి.

మరి ఎక్కడ పనికొస్తుంది?

నీళ్ళు తక్కువగా ఉన్న చోట పనికొస్తుంది. మొదటిది, అలంకారం చేపల తొట్టెలు. రెండోది, పిల్లల్ని పుట్టించే హేచరీల తొట్లు. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, చెరువులోకి వదిలే ముందు కొత్త చేప పిల్లల్ని విడిగా ఉంచే చోటు. చెరువుకి పేను చాలాసార్లు బయట నుంచి వచ్చిన పిల్లలతోనే వస్తుంది. వచ్చిన పిల్లల్ని నేరుగా చెరువులో పొయ్యకుండా, కొద్ది రోజులు తొట్టెలో పెట్టి, ఒళ్ళు చూసి, అవసరమైతే అక్కడే మందు నీళ్ళలో ఉంచితే, గ్రాములతో పని అయిపోతుంది. అదే పేను చెరువులో చేరాక టన్నులతో కూడా కాదు.

చెరువులోనే ఇవ్వాలంటే దారి నీళ్ళు కాదు, మేత. నీళ్ళకి మందు వేస్తే మోతాదు నీటి పరిమాణాన్ని బట్టి ఉంటుంది. మేతలో వేస్తే మేత బరువుని బట్టి ఉంటుంది. ఎకరం చెరువులో రెండు టన్నుల చేప ఉండి, రోజుకి దాని బరువులో రెండు శాతం మేత పెడుతున్నారనుకోండి. 40 కిలోల మేత. కిలోకి 10 గ్రాముల వెల్లుల్లి చొప్పున కలిపితే 400 గ్రాములు చాలు. 1214 కిలోలెక్కడ, 400 గ్రాములెక్కడ! ఆంధ్ర రైతులు తవుడుని చిల్లులున్న సంచుల్లో నింపి కర్రలకి వేలాడదీస్తారు, చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. అందులో కలపడం కష్టం కాదు. కాకపోతే ఒక్కటి గుర్తుంచుకోవాలి. జబ్బు ముదిరిన చేప మేత ముట్టదు. కాబట్టి మేతలో మందు ముందు జాగ్రత్తకే గానీ, చివరి ఘడియ వైద్యానికి కాదు.

ఇక గుడ్ల సంగతి. ఏ చెట్టు మందైనా, ఏ పురుగుల మందైనా గుడ్డుని చంపడం కష్టం. దీనికి మన ఇళ్ళల్లో తెలిసిన ఉపాయమే ఉంది. తలకి నూనె రాస్తే పేను పోతుందేమో గానీ ఈపులు పోవు. వాటికి ఈరుపెన కావాలి. చెరువుకి ఈరుపెన వెదురు కర్రలూ, చెక్క పలకలూ. పేను గట్టి వస్తువు మీదే గుడ్లు పెడుతుంది కాబట్టి, చెరువులో అక్కడక్కడా పలకలు దించి, వారానికోసారి బయటికి తీసి ఎండలో ఆరబెట్టాలి. గుడ్లు ఎండి చస్తాయి. మళ్ళీ దించాలి. మేత సంచులు కట్టే కర్రల్ని కూడా మర్చిపోకూడదు, పేనుకి అవీ చోటే. పంట అయిపోయాక చెరువుని పూర్తిగా ఎండగట్టి సున్నం చల్లాలి. ఇందులో చెట్టు మందూ లేదు, రసాయనమూ లేదు. ఖర్చు కూలీదే. కానీ దీన్ని వదిలేసి ఏ మందు పోసినా మూడు వారాల ముచ్చటే.

చివరగా

చెట్టు మందు పనిచేస్తుందా అన్న ప్రశ్నకి అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పలేం. తొట్టెలో అవును. మేతలో కొంతవరకు అవును, జబ్బు రాకముందు. పెద్ద చెరువు నీళ్ళలో ఇప్పటికి కాదు. వేపనీ పిప్పళ్ళనీ తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. వాటిని వాటి చోట వాడితే, చెరువులో పురుగుల మందు పోయాల్సిన అవసరమే తగ్గుతుంది. చోటు కాని చోట పోసి, పనిచేయలేదని విసిగి, రైతు మళ్ళీ రెట్టింపు పురుగుల మందు పోస్తే నష్టం అందరిదీ.

ఈ మధ్య "హెర్బల్" అని రాసిన సీసాలు చేపలకే కాదు, మన జుట్టుకీ, చర్మానికీ కూడా వస్తున్నాయి. అలాంటిది చేతికొచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఇవి. ఏ చెట్టు? ఆకా, గింజా, వేరా? దేంతో తీశారు? ఇందులో అసలు పదార్థం ఎంతుంది? ఎవరి మీద, ఎంత మోతాదులో పరీక్షించారు? పురుగుని చంపే మోతాదుకీ మనల్ని బాధపెట్టే మోతాదుకీ మధ్య ఎంత దూరం ఉంది? వీటికి జవాబు ఉంటే అది మందు. లేకపోతే అది ఆకు పసరు, ఆ పైన మన అదృష్టం.